మంచి కేసు

వినీలకు మనుషులు అంత తొందరగా నచ్చరు. మనుబోలు దగ్గర పల్లెలో వరి పండించుకునే జయరామయ్య కూతురు ఆమె. ఇంటికొచ్చిన చుట్టాలు వాకిలి దాటి పోకముందే వాళ్ల నడక మీదో నవ్వు మీదో ఒక మాట అనేసేది. "అది నోరు కాదే, కొడవలి" అని తల్లి వెంకటశేషమ్మ విసుక్కునేది. ఆ కొడవలితోనే వచ్చి మెడికల్ కాలేజీలో చేరింది. అక్కడ దానికి పనికి కొదవ లేకపోయింది.

మొదటి ఏడు అందరూ బెదిరిపోయిన పిల్లలే. శవాల్ని కోసే హాల్లో ఆ మందు వాసనకి కళ్లు మండి, మెస్సులో ముద్ద దిగక, హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఇళ్లకి ఫోన్లు చేసి ఏడ్చినవాళ్లే. ఆ పిల్లలంటే వినీలకు ఎంతో కొంత ఇష్టం ఉండేది. వార్డుల్లోకి అడుగుపెట్టాక ఒక్కొక్కరే మాయమైపోయారు. వాళ్ల తెల్లకోట్లలోకి వేరే ఎవరో దూరి తిరగడం మొదలుపెట్టారు.

అందరికంటే ముందు మారింది నరేంద్రబాబు. గూడూరులో వాళ్ల నాన్నకి బట్టల కొట్టుంది. చేరిన కొత్తల్లో ఎవరితో మాట్లాడినా కొట్టుకొచ్చిన బేరంతో మాట్లాడినట్టు వంగి, నవ్వి మాట్లాడేవాడు. చివరి ఏడాదికి వచ్చేసరికి ఆ వంగడం ఎవరి ముందు వంగాలో వాళ్ల ముందే మిగిలింది. మెడలో స్టెతస్కోపు లేకుండా టీ బంకు దగ్గరికి కూడా పోడు. మెడిసిన్ డిపార్ట్‌మెంటు పెద్ద డాక్టర్ విజయభాస్కర్ మాట్లాడే ముందు గొంతు సవరించుకుంటాడు కాబట్టి ఇతనూ సవరించుకునేవాడు. ఆయన కళ్లద్దాల పైనుంచి చూస్తాడు కాబట్టి, కళ్లు శుభ్రంగా ఉన్నా, పవరు లేని అద్దాలు కొనుక్కొచ్చి వాటి పైనుంచి చూసేవాడు. ఆ అద్దాలు పెట్టుకుని వార్డులోకి వచ్చిన రోజు వినీల బయటికి పోయి, నవ్వి, మొహం కడుక్కుని వచ్చింది.

మిగతావాళ్లు మాత్రం ఏం తక్కువ? మనుషులకి పేర్లు పోయాయి. "ఆ మూల లివరు చూశావా?", "కిటికీ పక్క కిడ్నీ డిశ్చార్జి అయిపోయిందంట" అనేవాళ్లు. రోగుల్ని పలకరించడానికి అందరూ ఒక 'అమ్మా' నేర్చుకున్నారు. తియ్యగా, సాగదీసి, చూపు గడియారం మీద పెట్టి అనే 'అమ్మా' అది. వినీలకు ఆ మాట వింటే ఒళ్లు కంపరమెత్తేది.

తను మాత్రం మారలేదని ఆమె ధైర్యం. రోజూ వీళ్లని చూసి అసహ్యించుకుంటున్నాను కదా, ఈ జబ్బు నాకెలా అంటుతుంది అనుకునేది.

యూనివర్సిటీ పరీక్షలు ఇంకో నెల ఉన్నాయనగా వనజాక్షి వార్డుకి వచ్చింది. చిట్టమూరు మండలంలో పులికాట్ ఒడ్డున ఒక పల్లె ఆమెది. మొగుడు చిన్నా సరస్సులో రొయ్యలు, చేపలు పడతాడు. ఆమె వాటిని ఏరి, గంప ఎత్తుకుని ఆటో దాకా మోస్తుంది. కొన్నాళ్లుగా గంప ఎత్తితే ఆయాసం. తర్వాత గంప లేకపోయినా ఆయాసమే. దగ్గితే ఎర్రటి చార పడుతోందని నాయుడుపేటలో చూపిస్తే దగ్గు మందు రాసి పంపారు. అది తగ్గక ఇక్కడికి తీసుకొచ్చాడు చిన్నా.

స్కానింగులో సంగతి తేలిపోయింది. చిన్నప్పుడు కీళ్ల నొప్పులతో వచ్చిన జ్వరం ఒకటి గుండెలో ఎడమ పక్క కవాటాన్ని పాడుచేసింది. రెండు తలుపుల్లా తెరుచుకోవాల్సింది అతుక్కుపోయి సన్నటి సందు మిగిలింది. దానికి వైద్యం ఉంది. తొడ దగ్గర నరంలోంచి బెలూను పంపి ఆ తలుపుల్ని తెరుస్తారు. ఈ కాలేజీలో ఆ పని చెయ్యరు, తిరుపతిలో చేస్తారు. ఆరోగ్య కార్డు ఉంటే ఖర్చు కూడా లేదు. తొందరగా పంపమని స్కానింగు చేసిన డాక్టరు రాసే ఇచ్చాడు.

మర్నాడు రౌండ్సులో విజయభాస్కర్ ఆమె రొమ్ము మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. విన్నకొద్దీ మొహం వెలిగింది. ఆ మొహం వెలగడం ఆ బ్యాచి అదే మొదటిసారి చూడటం.

"టెక్స్ట్‌బుక్" అన్నాడు లేచి. "అచ్చం పుస్తకంలో రాసినట్టే ఉంది మర్మర్. ఈమెను ఎక్కడికీ పంపొద్దు. మందుల మీద పెట్టండి. బయటి ఎగ్జామినర్లు వస్తారు, వాళ్లకి చూపించడానికి ఇలాంటిది మనకి దొరికి ఎన్నాళ్లైంది! పరీక్షలయ్యాక తిరుపతి పంపిద్దాం."

తలుపు తెరిస్తే మర్మర్ అనే ఆ చప్పుడు పోతుంది. చప్పుడు పోతే పరీక్షకి పనికిరాదు. అక్కడ నిలబడ్డ ప్రతివాడికీ అది అర్థమైంది. ఎవరూ నోరెత్తలేదు. ఎత్తినవాడు నరేంద్రబాబు ఒక్కడే.

"సార్, మందు డోసు పెంచితే మర్మర్ తగ్గిపోతుందేమో?"

"మంచి ప్రశ్న" అన్నాడు విజయభాస్కర్. "ఉన్న డోసే ఉంచండి."

వినీల లోపల ఇద్దర్నీ కోసి కుప్పలు వేసింది. పైకి మాత్రం అందరితో పాటు తలూపింది.

ఆ మధ్యాహ్నం నుంచి వనజాక్షి మంచం దగ్గర స్టూడెంట్లు వరస కట్టారు. ఒకడు పోతే ఒకడు. "అమ్మా, ఎడమ పక్కకి తిరుగు. ఊపిరి వదిలి ఆపు. కదలొద్దు." పాపం, ఆమె తిరిగేది, ఊపిరి ఆపేది. ఆ ఊపిరి కోసమే ఆసుపత్రికి వచ్చిన మనిషి ఆమె. పక్క మంచం ముసలామె తెర అడ్డం లాగి లాగి అలిసిపోయింది.

సాయంత్రానికి వినీల కూడా వెళ్లింది. వెళ్లకూడదనే అనుకుంది. కానీ మూడేళ్లుగా పుస్తకంలో చదవడమే కానీ ఆ చప్పుడు ఆమె చెవిన ఎప్పుడూ పడలేదు. స్టెతస్కోపు పెట్టింది. మొదట ఏమీ లేదు. చెయ్యి కాస్త జరిపింది. అప్పుడు వినపడింది. సరస్సులో ఎక్కడో దూరంగా బోటు ఇంజిను తిరుగుతున్నట్టు, లోతుగా, గరగరమని. ప్రతి దెబ్బకీ మధ్యలో. పుస్తకంలోని వాక్యం ప్రాణం పోసుకుని చెవిలో మాట్లాడుతున్నట్టుంది.

"బో బాగుండాది!" అనేసింది పైకే.

వనజాక్షి మొహం విచ్చుకుంది. "బాగుండాదా మ్మా? నా గుండె బాగుండాదా?"

వినీల చెవుల్లోంచి స్టెతస్కోపు తీసింది. కాదని చెప్పాలి. చెప్పడానికి అదే సమయం. వెనకాల ఇంకో ఇద్దరు స్టెతస్కోపులు పట్టుకుని వేచి ఉన్నారు. ఆమె నోట్లోంచి వచ్చింది ఒక్కటే.

"ఊ."

విజయభాస్కర్ రోగులకి ఇచ్చే జవాబు అదే. అదే పొడుగు, అదే బరువు. వినీల లేచి హాస్టలుకి నడిచింది. నరేంద్రబాబుకి అద్దాలు కొనడానికైనా కొంత ప్రయత్నం అవసరమైంది, తనకి అదీ పట్టలేదు అనుకుంది. ఆ రోజు మెస్సులో అన్నం దిగలేదు.

మర్నాడు పొద్దున మంచం ఖాళీ. "పెద్ద డాక్టరు, చిన్న డాక్టర్లు అందరూ ఇన్నారు, బాగుండాదన్నారు, ఇంకెందుకు ఈడ" అని చిన్నా పెళ్లాన్ని తీసుకుని ఊరికి పోయాడని నర్సు చెప్పింది. వార్డులో గగ్గోలు లేచింది. ప్రాణం పోయినప్పుడు కూడా ఆ వార్డులో అంత కలవరం పుట్టదు.

"పేషెంటుతో మాట్లాడింది ఎవరు?" అని అరిచాడు విజయభాస్కర్. అదేదో హత్య అయినట్టు. ఎవరూ పలకలేదు. వినీల కూడా పలకలేదు. చుట్టాల నడకల మీద, నవ్వుల మీద ఆడిన నోరు అప్పుడు పెదాలు కూడా కదపలేదు.

కాలేజీ జీపు తీసుకుని పోయి ఎలాగైనా వెనక్కి తీసుకురమ్మని నరేంద్రబాబుకి పురమాయించాడు. తోడుగా ఒక అమ్మాయిని కూడా తీసుకుపొమ్మన్నాడు.

"నేను పోతాను సార్" అంది వినీల.

హైవే మీద నాయుడుపేట దాకా నరేంద్రబాబు చెప్పబోయే మాటలు వల్లె వేసుకుంటూనే ఉన్నాడు. తూర్పుకి తిరిగాక, ఉప్పు గాలి తగిలాక, వినీల అడిగింది.

"నెలలోపల ఆమె ఊపిరితిత్తుల్లోకి నీరు దిగితే?"

"ఐసీయూ ఉంది కదా."

"ఐసీయూలో పోతే?"

నరేంద్రబాబు అద్దాలు సర్దుకున్నాడు. "చూడు వినీలా, నువ్వింకా బయటి మనిషిలాగే ఆలోచిస్తున్నావు. ఒక్క కేసు చూసి బ్యాచి అంతా నేర్చుకుంటుంది. రేపు ఇలాంటివాళ్లు వందమంది మన దగ్గరికి వస్తే కనిపెట్టగలం. డాక్టరు అలా ఆలోచించాలి."

ఆ మాటలో కాస్త నిజం లేకపోతే వినీల నవ్వి ఊరుకునేది. ఆ కాస్త నిజాన్నే అడ్డం పెట్టుకుని వెనకాల ఇంత దాచుకున్నాడే అని ఆమెకు ఒళ్లు మండింది. తన వెనకాల తనేం దాచుకుందో గుర్తొచ్చి కిటికీ వైపు తిరిగింది.

వాళ్లు పోయేసరికి వనజాక్షి ఇంటి ముందు ప్లాస్టిక్ టబ్బు పెట్టుకుని రొయ్యలు ఏరుతోంది. నాలుగు ఏరి ఆగుతోంది, ఊపిరి తీసుకుని మళ్లీ ఏరుతోంది. చిన్నా వల బాగుచేసుకుంటున్నాడు. అతని తల్లి ముసలమ్మ అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

"డాక్టరమ్మ వచ్చినాది!" అంటూ వనజాక్షి లేవబోయి, లేవలేక, నవ్వింది.

నరేంద్రబాబు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మీకు ఇంకా కొన్నాళ్లు మందులివ్వాలి. మంచం, భోజనం అన్నీ ఉచితం. పరీక్షలు కొన్ని మిగిలిపోయాయి."

ఏ పరీక్షలో చెప్పలేదు. అది అబద్ధం కూడా కాదు.

"బాగుండాదని చెప్పినారు గదా సార్" అన్నాడు చిన్నా. "ఈ అమ్మే చెప్పినాది."

నరేంద్రబాబు మెల్లగా తల తిప్పి వినీలను చూశాడు. ఇక దాగడానికి చోటు లేదు.

"నేను చెప్పింది నీ గుండె గురించి కాదు వనజాక్షీ" అంది వినీల. "దాంట్లో వచ్చే చప్పుడు గురించి. ఆ చప్పుడు మా చదువుకి బాగుంది. నీకు బాగలేదు. గుండెలో తలుపు మూసుకుపోతా ఉంది. తిరుపతిలో తెరుస్తారు. కార్డు మీద చేస్తారు. నిన్ననే నిన్ను పంపించాల్సింది."

చిన్నా చేతిలో వల కింద పెట్టాడు. "అంటే? ఆమె గుండె చెడిపోతే మీకు బాగుంటాదా?"

"అవును."

"వినీలా, చాలు!" అన్నాడు నరేంద్రబాబు. ఆ ఒక్క క్షణం అతని గొంతు విజయభాస్కర్‌ది కాదు, గూడూరు కొట్టులో గిరాకీ చెయ్యి జారిపోతున్న మనిషిది.

ముసలమ్మ అరుగు మీదనుంచి ఉమ్మేసింది. "ఈ మాట చెప్పేదానికి జీపేసుకోని వచ్చినారా? థూ!"

"మా కాలేజీకి రావొద్దు" అంది వినీల. "నేరుగా తిరుపతి పోండి. ఈ రోజే."

"నీ మాట ఎట్టా నమ్మేది?" అన్నాడు చిన్నా. "నిన్న బాగుండాదంటివి. ఈ పొద్దు బాగలేదంటివి. రేపు ఏమంటావో!"

వినీల ఎంత కోపం తెచ్చుకున్నా అతను అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

వనజాక్షే టబ్బు పక్కకి జరిపింది. "ఆయమ్మ మొకం చూడు. నిన్న నవ్వతా చెప్పినాది. ఈ పొద్దు నవ్వడం ల్యా. పోదాం పా."

నరేంద్రబాబు జీపు ఇవ్వనన్నాడు. కాలేజీ బండిని ఊరికే తిరుపతి తిప్పితే సార్ ఏమంటారో అన్నాడు. ఖాళీ జీపు వెనక్కి పోయింది. పక్కింటివాళ్ల ఆటోలో నాయుడుపేట, అక్కడినుంచి బస్సులో తిరుపతి పోయారు. వనజాక్షి తల దారి పొడుగునా వినీల భుజం మీదే ఉంది. బస్సు గతుకులకి తల ఎగిరినప్పుడల్లా వినీల చేత్తో ఆపింది. ఆ మనిషి చెమట వాసన, చేపల వాసన, నోటి దగ్గర ఎగశ్వాస. వార్డులో ఇవేవీ ఆమెకు తెలియలేదు.

తిరుపతి ఆసుపత్రిలో గుండె డాక్టరు కాగితాలు చూసి వినీలను అడిగాడు.

"నువ్వు బంధువువా?"

"స్టూడెంటుని సార్."

"మరి వెంటనే పంపకుండా ఎందుకు ఆపారు?"

"పరీక్షలకి సార్."

ఆయనకి కోపం వస్తుందని ఆమె ఎదురుచూసింది. ఆయన నవ్వాడు. "అంతేలే. ఎక్కడైనా అంతే. మంచి మర్మరేనా?" అని స్టెతస్కోపు పెట్టి విని, "ఆహా" అన్నాడు. తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ తన స్టూడెంట్లని పిలిచాడు. "రండ్రా, రేపటికి ఇది ఉండదు. వినండి."

తెల్లకోట్లు వరస కట్టాయి. ఎవరూ చెప్పకుండానే వనజాక్షి ఎడమ పక్కకి తిరిగింది. ఊపిరి వదిలి ఆపింది. తమ వార్డులో నేర్పిన పాఠం ఆమె ఎంత బాగా నేర్చుకుందో చూసి, వినీల ఆ గదిలో నిలబడలేక వరండాలోకి పోయింది.

బెలూను పని సవ్యంగానే జరిగింది. మర్నాడు వనజాక్షి మంచం మీద వెల్లకిలా పడుకుని ఊపిరి పీల్చుకుంది. దిండు ఎత్తు పెట్టుకోకుండా అలా పడుకుని ఎన్నాళ్లైందో. దండాలు పెట్టలేదు, ఏడవలేదు. గంప ఎప్పుడు ఎత్తుకోవచ్చో అడిగింది. కొన్నాళ్లు ఆగమని చెప్పి, వినీల స్టెతస్కోపు తీసింది. ఆ చప్పుడు పోయిందో లేదో ఒక్కసారి వినాలనుకుంది.

వనజాక్షి పైట గుండెల మీదికి లాక్కుంది.

"ఇంక చాలు లేమ్మా."

వినీల స్టెతస్కోపు సంచిలో పెట్టేసింది.

తిరిగి వచ్చాక విజయభాస్కర్ తన గదికి పిలిపించాడు. కూర్చోమనలేదు.

"డిపార్ట్‌మెంటు పరువు తీశావు. రోగికి మంచి చేశాననుకుంటున్నావా? ఆమెను మేం పంపేవాళ్లమే. నువ్వు చేసింది నీ బ్యాచికి ద్రోహం. డాక్టరనేవాడికి ముందు తన వాళ్లెవరో తెలియాలి."

"ఆమెతో బాగుందని చెప్పింది నేనే సార్."

ఆయన అద్దాల పైనుంచి చూశాడు. "అది కరెక్టే చెప్పావు. తర్వాత చెప్పిందే తప్పు."

మెడిసిన్ ప్రాక్టికల్‌లో వినీల తప్పింది. ఆయన తప్పించాడా, ఆమే తప్పిందా అన్నది ఎప్పటికీ తేలలేదు. తప్పించాడని నమ్మితే సుఖంగా ఉండేది. కానీ ఆ రోజు పరీక్షలో చూడమని ఇచ్చిన ముసలాయన జబ్బు ఆమె సరిగా చెప్పలేకపోయిన మాట కూడా నిజమే. నరేంద్రబాబుకి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిన కేసు వచ్చింది, మార్కులు దండిగా వచ్చాయి. బ్యాచిలో చాలామంది ఆమెతో మాటలు మానేశారు. ఒకమ్మాయి మాత్రం మెట్ల మలుపులో అటూ ఇటూ చూసి, "చాలా మంచి పని చేశావు" అని చెవిలో చెప్పి, గబగబా దిగిపోయింది. నరేంద్రబాబు కంటే విజయభాస్కర్ కంటే ఆ అమ్మాయి మీదే ఎక్కువ అసహ్యం పుట్టింది వినీలకు. తను కూడా ఆ మెట్ల మీదే కొన్నాళ్లు నిలబడిందని తెలుసు కాబట్టి కావచ్చు.

"ఊరికే ఉంటే సరిపోయేది కదా" అన్నాడు జయరామయ్య ఇంట్లో. వెంకటశేషమ్మ ఏమీ అనలేదు. అన్నం పెట్టి, ఇంకో గరిటె వేసి, పక్కన కూర్చుంది.

సప్లిమెంటరీలో పాసై హౌస్‌సర్జన్‌గా అదే ఆసుపత్రికి వచ్చింది. మనుషులు నచ్చడం అప్పుడూ మొదలవ్వలేదు. పొద్దున ఎనిమిదికి రావాల్సిన డాక్టర్లు పదకొండుకి వచ్చి రోగుల్ని తిట్టడం చూసి పళ్లు నూరేది. ఒక్కోసారి అలసటతో తన నోట్లోనూ 'ఆ హెర్నియా' అన్న మాట దొర్లేది. దొర్లినప్పుడు మంచం దగ్గరికి వెనక్కి పోయి ఆ మనిషి పేరు అడిగి వచ్చేది. పేరు అడిగినంత మాత్రాన గొప్పదాన్ని అయిపోనని కూడా ఆమెకు తెలుసు.

ఒకరోజు సర్జరీ వార్డులో ముత్యాలయ్య అనే ఆయన కాలికి కట్టు మారుస్తోంది. కృష్ణపట్నం రోడ్డు మీద బైకు జారి మోకాలి కింద తోలంతా లేచిపోయిన మనిషి. పాత గుడ్డ పుండుకి అతుక్కుపోయింది. సెలైనుతో తడుపుతూ కొంచెం కొంచెంగా లాగుతోంది. ఆయన మంచం కడ్డీ పట్టుకుని పళ్లు బిగించాడు.

కొత్తగా వార్డుల్లోకి వచ్చిన స్టూడెంట్లు నలుగురు వచ్చారు. కోట్లు ఇంకా మడతలు విప్పుకోలేదు. ముందున్న అమ్మాయి అబిగయీలు అడిగింది.

"మేడమ్, మేం చూడొచ్చా?"

"నన్నెందుకు అడుగుతావు? కాలు ఆయనది."

అబిగయీలు తడబడి ఆయన వైపు తిరిగింది. "చూడొచ్చా అండీ?"

"వద్దు మ్మా" అన్నాడు ముత్యాలయ్య. "నొప్పిగా ఉండాది. ఇప్పుడు వద్దు."

నలుగురూ వినీల వైపు చూశారు. మేడమ్ ఆయన్ని కసురుతుందని, ఇది టీచింగ్ హాస్పిటలు, ఇక్కడ చూపించాల్సిందేనని చెబుతుందని. ఆ చూపు ఆమెకు బాగా తెలుసు. ఆమె తలెత్తలేదు. కాసేపు నిలబడి, మొహాలు ముడుచుకుని, వాళ్లు పోయారు.

"పిల్లోళ్లు చిన్నబోయినారు" అన్నాడు ముత్యాలయ్య.

"పోనీలే" అంది వినీల. "కాలు కదపొద్దు. ఇంకొంచెమే ఉంది."